కుప్పం ట్రాన్స్‌ఫర్

మా నాన్న పాల క్యాన్ మూత తీసి, ఆ మూతని ఒక్క క్షణం ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది పక్కన పెట్టబ్బా" అంటాడు. అంతే, ఆ క్యాన్ పక్కకి పోతుంది. చిన్నప్పుడు నాకది మ్యాజిక్‌లా ఉండేది. పొయ్యి మీద సాంబారు వాసన చూసి ఉప్పు తక్కువైందని కూడా చెప్తాడు. అది మాత్రం అమ్మ ఒప్పుకోదు.

నాన్న పని పుంగనూరులో, ఒక ప్రైవేటు డెయిరీ వాళ్ల చిల్లింగ్ సెంటర్‌లో. నేను పుట్టక ముందు నుంచి అదే పని. చుట్టుపక్కల పల్లెల నుంచి పొద్దున, సాయంత్రం ఆటోల్లో, మినీ లారీల్లో నలభై లీటర్ల క్యాన్లు వస్తాయి. శాంపిల్ తీసి మిల్క్ అనలైజర్‌లో పెడితే నిమిషంలో ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ స్క్రీన్ మీదకి వస్తాయి. రైతు డబ్బులు ఆ రెండు నంబర్ల మీదే ఆధారపడి ఉంటాయి. మెషిన్ మీద అనుమానం వస్తే గర్బర్ టెస్ట్ చేస్తారు. గాజు గొట్టంలో పది మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ యాసిడ్, 10.75 మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటర్ అమైల్ ఆల్కహాల్ పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే కొవ్వు పైకి తేలుతుంది. మా ఇంట్లో చిల్లులు లేని చొక్కా నాన్నకి ఒక్కటే ఉంది, పెళ్లిళ్లకి. మిగతావన్నీ యాసిడ్ తిన్నవే.

(పుంగనూరు అనగానే హాస్టల్ వాళ్లందరూ "మీ ఇంట్లో ఆ పొట్టి ఆవు ఉందా?" అని అడుగుతారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తున్నా. లేదు. 2024 సంక్రాంతికి ప్రధాని తన ఇంటి దగ్గర పుంగనూరు ఆవులకి మేత పెట్టిన వీడియో వచ్చాక ఈ ప్రశ్న రోజుకి రెండుసార్లు వస్తోంది. సెంటర్‌కి వచ్చే పాలు దాదాపు అన్నీ జెర్సీ, హెచ్‌ఎఫ్ క్రాస్ ఆవులవి.)

పోయిన ఏడాది జనవరిలో సెంటర్‌కి కొత్త మేనేజర్ వచ్చారు. వయసు ముప్పై లోపే. డెయిరీ టెక్నాలజీ చదువుకున్నారు, ఇంగ్లిష్ బాగా మాట్లాడతారు. మొదట్లో మంచిగానే ఉన్నారు. మా ఇంటికొచ్చి రాగి ముద్ద, చెనిక్కాయల చట్నీ తిన్నారు. నాకు ఇంటర్న్‌షిప్ ఎలా వెతుక్కోవాలో కూడా చెప్పారు. చదివేవాళ్లు ఆయన్ని మొదటి నుంచీ విలన్‌గా ఊహించుకోవద్దు.

తంటా అంతా ఫోన్లతో మొదలైంది. లారీ ఆలస్యమైతే డ్రైవర్ నాన్నకి ఫోన్ చేస్తాడు. పల్లెలో ఏజెంటుకి డబ్బులు తక్కువ పడితే నాన్నకే. హెడ్డాఫీసు వాళ్లు కూడా మేనేజర్‌కి చేసి, ఆయన "కనుక్కుని చెప్తా" అంటే, ఆ మరుసటి నిమిషం నాన్నకి చేసేవాళ్లు. ఒకే గదిలో ఇద్దరు కూర్చుని ఉంటే, ఒకాయన ఫోన్ మోగుతూనే ఉంటుంది, ఇంకొకాయనది మోగదు. ఆ గదిని నేను అప్పుడు నాన్న కుర్చీలోంచే చూశాను.

తర్వాత ఏప్రిల్‌లో ఆ క్యాన్ల సంగతి జరిగింది. ఎండాకాలం, ఒక రూటు బండి దారిలో పంక్చరై గంటన్నర లేటుగా వచ్చింది. నాన్న మూతలు వాసన చూసి ఆరు క్యాన్లు పక్కన పెట్టమన్నాడు. ఆ రోజు హెడ్డాఫీసు నుంచి ఆడిట్‌కి ఇద్దరొచ్చి ఉన్నారు. మేనేజర్ సారు వాళ్ల ముందు, "మెషిన్‌లో రీడింగ్ బాగానే ఉంది కదా, ఎందుకు ఆపుతున్నారు?" అన్నారు. నిజమే, ఫ్యాట్ బాగానే ఉంది. కానీ పాలు పులుపు ఎక్కడం మొదలైతే ఆ మెషిన్‌కి తెలీదు, అది చూసేది కొవ్వునీ మిగతా ఘనపదార్థాన్నీ. నాన్న ఏమీ మాట్లాడకుండా టెస్ట్ ట్యూబులో కొంచెం పాలు పోసి మరిగే నీళ్లలో పెట్టాడు. ఐదు నిమిషాలు. అందరూ చూస్తున్నారు. పాలు విరిగాయి.

అప్పుడు ఒక ఏజెంటు నవ్వుతూ, "పెద్దాయన చెప్తే చెప్పినట్టే సార్. మీకింకా టైం పడుతుంది" అన్నాడు.

ఆ ఒక్క క్యాన్ కలిసుంటే ట్యాంకు పాలు మొత్తం పోయేవి. నాన్న కంపెనీకి మేలే చేశాడు. కానీ ఆ ఏజెంటు మాట తర్వాత ఏం జరిగిందో చూడండి. వారంలో నాన్నని డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. ల్యాబ్ బీరువా తాళాలు మేనేజర్ టేబుల్లోకి వెళ్లాయి. నాన్న చేత్తో రాసే రిజిస్టర్ ఇక అక్కర్లేదు, అన్నీ సిస్టంలోనే అన్నారు. చిన్నచిన్న వాటికి కూడా రాతపూర్వకంగా సంజాయిషీ అడిగేవాళ్లు. ఒక సంజాయిషీ నేనే ఇంగ్లిష్‌లో టైప్ చేసిచ్చా, "విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్" అని మొదలుపెట్టి. దాన్ని టైప్ చేస్తున్నప్పుడు నాన్న నా వెనక నిలబడి, తనకి రాని భాషలో తన తప్పు ఎలా ఉంటుందో చూస్తూ ఉన్నాడు.

జూన్‌లో ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చింది, కుప్పం సెంటర్‌కి. అక్కడ మీ అనుభవం అవసరం అని రాశారు. పుంగనూరు నుంచి పలమనేరు, వీకోట మీదుగా కుప్పం వెళ్లాలి. రోజూ వెళ్లి వచ్చే దూరం కాదు, నాన్న డ్యూటీ తెల్లవారుజామున మొదలవుతుంది. యాభై రెండేళ్ల మనిషి అక్కడ గది తీసుకుని వంట చేసుకోవాలి.

నాకు ఒళ్లు మండిపోయింది. హెడ్డాఫీసుకి మెయిల్ పెడదాం, ఆడిట్ వాళ్లు చూశారు కదా, సాక్ష్యం చెప్తారు అన్నా. నాన్న వినలేదు. వెళ్లే ముందు రాత్రి పన్నెండు దాకా కూర్చుని, ఆ పాత రిజిస్టర్లలోంచి ఒక కొత్త నోటుబుక్కులోకి ఏవో ఎక్కిస్తున్నాడు. ఏ రూటులో ఏ నెలలో ఎస్‌ఎన్‌ఎఫ్ పడిపోతుంది, ఎందుకు. ఏ ఊళ్లో నీళ్లు కలుపుతారు. ఏ ఇంట్లో మొన్నే ఆవు చచ్చిపోయింది కాబట్టి రెండు నెలలు పాలు తక్కువొచ్చినా అరవొద్దు. అదంతా మేనేజర్‌కి ఇవ్వడానికి.

"ఆయనకెందుకు నాన్నా? తంటాలు పడనీ. అప్పుడు తెలుస్తుంది."

"పాలు ఇరిగిపోతే ఆయప్పకి పోయేదేముంది పాపా. రైతుకి పోతాది."

నేనింకా ఏదో అనబోతే, "నాది కూడా తప్పుండాదిలే" అన్నాడు. "అంతమంది ముందర ఆ ట్యూబు నీళ్లల్లో పెట్టకుండా ఉండాల్సింది. పక్కకి పిల్చుకోనిపొయ్యి సార్, ఇవి వొద్దు అంటే సరిపోయుండు. ఆయప్పే వొచ్చి ఆపేసినట్టు ఉండేది." కాసేపాగి, పెన్ను మూత పెడుతూ, "ఇరిగినప్పుడు నాకు సంతోషమైంది. అది ఆయప్పకి కనపడింది" అన్నాడు.

ఇది నాకు అప్పుడు అస్సలు నచ్చలేదు. బాధితుడు తన తప్పు వెతుక్కోవడం ఏమిటి అనుకున్నా.

ఆ కోపంలోనే మన క్లబ్బులో టాక్ ఇవ్వమంటే ఎల్లాప్రగడ సుబ్బారావు పేరు చెప్పా. మా స్కూల్లో ఆయన పేరు ఒక జీకే బిట్, అంతే. చదివితే మా ఇంటి కథలా అనిపించింది. 1895లో భీమవరంలో పుట్టాడు. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లినందుకు సర్జరీ ప్రొఫెసర్‌కి కోపమొచ్చి, ఆయనకి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ డిగ్రీయే వచ్చింది. అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే కింద చేరాడు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి ఇద్దరూ కలిసి 1925లో ప్రచురించారు. బయోకెమిస్ట్రీ చదివే వాళ్లకి అది ఇప్పటికీ ఫిస్కే-సుబ్బారావు మెథడ్. కండరాల్లో శక్తిని నిలవచేసే ఫాస్ఫోక్రియాటిన్ 1927లో, ఏటీపీ 1929లో. ఇంటర్‌లో బైపీసీ వాళ్లు "సెల్‌కి ఎనర్జీ కరెన్సీ" అని బట్టీ పట్టే ఏటీపీ ఇదే. అయినా హార్వర్డ్‌లో ఆయనకి శాశ్వత ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లిపోయాడు. ఫోలిక్ యాసిడ్, బోదకాలు మందు, పిల్లల బ్లడ్ క్యాన్సర్ మీద మొదటిసారి పనిచేసిన మందు, ఆరియోమైసిన్ అన్నీ అక్కడ ఆయన టీములు చేసినవే. 1948లో చనిపోయాడు.

నా టాక్‌కి క్లైమాక్స్ కూడా దొరికింది. 1988లో నోబెల్ తీసుకున్న జార్జ్ హిచింగ్స్, సుబ్బారావు విడదీసిన కొన్ని న్యూక్లియోటైడ్లని తర్వాత ఎన్నో ఏళ్లకి వేరేవాళ్లు మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందని చెప్పాడు. ఎందుకంటే ఫిస్కే అసూయతో, అలాగే అనిపిస్తోంది అంటాడాయన, ఆ పనిని బయటికి రానివ్వలేదు. ఆ వాక్యం కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీశా. ఫిస్కేకి మా మేనేజర్ సారు ముఖం తగిలించా. టాక్ దసరా సెలవుల తర్వాత. ప్రాక్టీస్ చేస్తే నాకే కళ్లలో నీళ్లొచ్చాయి.

ఇప్పుడు అదే నెలల్లో నేను చేస్తున్న ఇంకో పని చెప్పాలి. మన టెక్ ఫెస్ట్ రిజిస్ట్రేషన్ సైటుకి లీడ్ నేనే అని అందరికీ తెలుసు. ఆగస్టులో ఈసెట్ రాసి లేటరల్ ఎంట్రీలో ఒక అన్న మా సెక్షన్‌లోకి వచ్చాడు. డిప్లొమా అయ్యాక రెండేళ్లు బెంగుళూరులో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసి, మళ్లీ చదువుదామని వచ్చాడు. టీములో చేర్చుకున్నా. రెండో మీటింగ్‌లోనే, ఫ్యాకల్టీ సార్ ఉండగా, "ఒకే యూటీఆర్ నంబర్ని ఇద్దరు కొట్టినా సైటు తీసుకుంటోంది మా. డేటాబేస్‌లో ఆ కాలమ్ యూనిక్ చెయ్యలేదు" అన్నాడు. ఫస్టియర్ పిల్లలు నోట్స్ రాసుకున్నారు. సార్ "గుడ్ క్యాచ్" అన్నారు.

నాకు అరచేతులు చల్లబడ్డాయి. పాయింట్ కరెక్టని వినగానే తెలిసింది, అందుకే. తప్పయితే నవ్వేసేదాన్ని.

ఆ తర్వాత జూనియర్లు డౌట్ వస్తే ఆయన దగ్గరికే పోవడం మొదలుపెట్టారు. ల్యాబ్‌లో నేను పక్కనే ఉన్నా, "అన్నా, ఇది చూడవా" అని. నేనేం చేశానంటే, "కోర్ టీమ్" అని కొత్త వాట్సాప్ గ్రూప్ పెట్టా. ఆయన్ని అందులో కలపలేదు. మర్చిపోయాను అని నాకు నేనే చెప్పుకున్నా. ఆయన్ని పోస్టర్ల ప్రింటింగ్‌కి మార్చా. సీటీఎం రోడ్డులో బేరం ఆడాలంటే పెద్దవాళ్లు కావాలి, మీకు అనుభవముంది కదన్నా అన్నా. అనుభవం అనే మాటే వాడా, నాకు బాగా గుర్తుంది. ఆయన యూటీఆర్ సమస్యకి కోడ్ రాసి పుల్ రిక్వెస్ట్ పెట్టాడు. నేను "రివ్యూ చేస్తా" అని కామెంట్ పెట్టి పదకొండు రోజులు ముట్టుకోలేదు. మధ్యలో ఒకసారి కారిడార్‌లో, పక్కన ఎవరూ లేనప్పుడు, "చూశావా మా?" అని మెల్లిగా అడిగాడు. పరీక్షలన్నా అని చెప్పా.

రిజిస్ట్రేషన్ తెరిచిన రోజు ఒక స్క్రీన్‌షాట్ హాస్టళ్లన్నీ తిరిగింది. ఒకే యూటీఆర్ మీద తొమ్మిది మంది, ఇంకోదాని మీద పద్నాలుగు. ట్రెజరర్‌తో కలిసి రాత్రంతా బ్యాంకు స్టేట్‌మెంటు పెట్టుకుని ఒక్కొక్కటీ టిక్కు కొట్టాం. అప్పుడు కూడా నాకు సంబంధం అర్థం కాలేదంటే నమ్ముతారా? స్టూడెంట్లని తిట్టుకున్నా, ఇంత మోసమా అని.

దసరా సెలవుల్లో కుప్పం వెళ్లా. పలమనేరులో బస్సు మారి, వీకోట దాటాక బస్సులో మాటలు మారిపోతాయి. ముందు సీటులో తెలుగు, వెనక తమిళం, కండక్టర్ మూడు భాషల్లో చిల్లర అడుగుతాడు. ద్రవిడ విశ్వవిద్యాలయం 1997లో ఇక్కడే ఎందుకు పెట్టారో ఆ బస్సెక్కితే తెలుస్తుంది. నాన్న గది సెంటర్ వెనకే. ఒక స్టవ్వు, ఒక మడత మంచం, గోడకి వేలాడే రెండు చిల్లుల చొక్కాలు.

తెల్లవారి ఐదింటికి నేనూ వెళ్లి ఒక మూల నిలబడ్డా. అక్కడ ఇంచార్జి ఇంకా చిన్నవాడు, నాకంటే నాలుగేళ్లు పెద్దవాడేమో. క్యాన్లు దిగాయి. నాన్న మూత తీసి తన ముక్కు దగ్గర పెట్టుకోలేదు. ఆ అబ్బాయి దగ్గర పెట్టి, "సూడండి సార్" అన్నాడు. అతను వాసన చూసి నాన్న ముఖంలోకి చూశాడు. నాన్న ముఖంలో ఏమీ కనిపించనివ్వలేదు. అతను ఇంకోసారి చూసి, "పక్కన పెట్టండి" అన్నాడు. హమాలీ పక్కన పెట్టాడు.

ఆ రాత్రి అన్నం తింటుంటే నాన్న ఫోన్ మోగింది. పేరు చూసి గబుక్కున బయటికి వెళ్లాడు. పది నిమిషాలయ్యాక వచ్చాడు. పుంగనూరు మేనేజర్.

"ఇంకా చేస్తాడా నీకు?"

"వారానికి రెండు మూడుసార్లు. ఆ నోటుబుక్కులో నా రాత అర్థం కాదంట."

"నువ్వెందుకు ఎత్తుతావు నాన్నా?"

"ఒంటిగా ఉండాడు పాపా. సెంటర్‌లో ఎవురూ ఆయప్పకి ముందుగా ఏమీ చెప్పరు. నేనున్నప్పుడు నాకు చెప్పేవోళ్లు, ఇప్పుడు అదీ లేదు. నేను తప్పు చేస్తే నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటారు. ఆయప్ప తప్పు చేస్తే ఉద్యోగమే పోతాది. భయం ఉండదా?"

అరచేతులు చల్లబడటం గుర్తొచ్చింది. ఆ ముద్ద మింగడానికి చాలాసేపు పట్టింది. నాన్నకి మాత్రం ఏమీ చెప్పలేదు. పడుకున్నాక ఫోన్‌లో ఆ పుల్ రిక్వెస్ట్ తెరిచా. ముప్పై లైన్లు కూడా లేదు. చదివి, మర్జ్ నొక్కి, "సారీ అన్నా, లేట్ చేశా" అని మెసేజ్ పెట్టా. ఆయన బొటనవేలు బొమ్మ ఒకటి పంపాడు.

మేనేజర్ చేసింది నాకు ఇప్పటికీ అన్యాయంగానే కనిపిస్తుంది. భయం ఉందని అర్థమైతే నాన్న గది పెద్దదైపోదు, అమ్మ ఇంట్లో ఒంటరిగా ఉండటం మారదు. హెడ్డాఫీసుకి రాయాల్సిందనే నా అభిప్రాయం. నాన్నా నేనూ దీని మీద ఇంకా పోట్లాడుకుంటూనే ఉన్నాం.

టాక్ ఇచ్చా. హిచింగ్స్ వాక్యం దగ్గర అనుకున్నంత గట్టిగా గొంతు రాలేదు. చివర్లో ప్రశ్నలుంటే అడగండి అన్నారు కోఆర్డినేటర్ అక్క. వెనక వరసలోంచి లేటరల్ అన్న లేచాడు.

"ఆ 1925 పేపర్ మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి కదా. ఫిస్కే ఆయన పేరు తీసెయ్యలేదు కదా?"

"లేదన్నా. ఇద్దరివీ ఉన్నాయి."

"సరే మా. డౌట్ వచ్చి అడిగా" అని కూర్చున్నాడు. ఆయన నన్ను దెప్పడానికి అడిగాడో, నిజంగానే డౌటో ఇప్పటికీ నాకు తెలీదు.

హాస్టల్‌కి కాకుండా నేరుగా ల్యాబ్‌కి వెళ్లి ఫెస్ట్ సైటులో "డెవలప్‌మెంట్ టీమ్" పేజీ చూశా. ఐదు పేర్లు, పైన నాది. ఆయన పేరు కింద ఎక్కడో, పోస్టర్లు అనే హెడ్డింగ్‌లో ఉంది. దాన్ని పైకి తేవాలి, ఎక్కడ పెట్టాలో తేలలేదు. నా పేరుకి పైన పెట్టి చూశా, చెయ్యి రాలేదు, తీసేశా. చివరికి నా పేరు పక్కనే, అదే లైన్లో పెట్టి సేవ్ చేసి పడుకున్నా.

పొద్దున చూస్తే ఆ మార్పు కింద ఆయన కామెంట్ ఉంది: "ఇంటిపేరు స్పెల్లింగ్ తప్పు మా. సరిచేసి పుల్ రిక్వెస్ట్ పెట్టా, చూడు."